హరికథకైనా క్లాసుకైనా: హెడ్ మైకు ఎంచుకోవడం ఎలా

తలకి తగిలించుకుంటే బుగ్గ పక్కన ఉండే హెడ్ మైకు, చేతులు ఖాళీ లేనివాళ్ల మైకు. హరికథ చెప్పేవాళ్లు చేత చిడతలు పట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, పాడుతూనే అడుగు వేయాలి. బుర్రకథ కథకుడికి భుజాన తంబురా, వేలికి అందె, పక్కన వంతల చేతుల్లో డక్కీలు. కోచింగ్ సెంటర్లో లెక్కల సారుకి ఒక చేతిలో మార్కరు, ఇంకో చేతిలో డస్టరు. వీళ్లెవరికీ చేతి మైకు కుదరదు. స్టాండు మైకు పెడితే దాని ముందు నుంచి కదలడానికి లేదు, కదిలితే మాట పోతుంది. 1979లో ఇంగ్లండ్ గాయని కేట్ బుష్ తన టూర్‌లో నాట్యం చేస్తూ పాడాలనుకున్నప్పుడు ఆమె సౌండ్ ఇంజినీరు మార్టిన్ ఫిషర్ బట్టల హ్యాంగరు తీగ వంచి, దానికి చిన్న మైకు కట్టి తలకి తగిలించాడు. అక్కడి అవసరమూ, మన హరిదాసు అవసరమూ ఒకటే.

స్టేజీ సౌండు పనిలో నాకు తరచూ కనిపించేది ఏంటంటే, పేరు చూసి కొంటారు, రేటు చూసి కొంటారు, తీరా స్టేజీ ఎక్కాక అది చెవికి సరిగ్గా కూర్చోక కథ మధ్యలో గడ్డం కిందికి జారిపోతుంది. ఇక పాడేవాళ్లు పాట మీద మనసు పెట్టలేరు, మిక్సర్ (మైకుల సౌండు సర్దే బల్ల) దగ్గర ఉన్నవాడికి టెన్షన్. నా దృష్టిలో మంచి హెడ్ మైకు అంటే మూతికి దగ్గరగా, పెట్టిన చోటే, ప్రోగ్రాం అయ్యేదాకా కదలకుండా ఉండేది. కంపెనీ పేరు ఆ తర్వాతి మాట.

అసలు మీకిది కావాలా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. కూర్చుని కచేరీ చేసే గాత్ర విద్వాంసులకి మంచి స్టాండు మైకును మించింది లేదు. ఒకే చోట కూర్చుని, ముందు పుస్తకం పెట్టుకుని ప్రవచనం చెప్పేవాళ్లకి కూడా బల్ల మీద మెడ వంగే మైకు చాలు. లేచి తిరుగుతూ చెప్పేవాళ్లు, ఆడుతూ పాడేవాళ్లు, చేతిలో వాద్యమో వస్తువో ఉండేవాళ్లు, రోజూ గంటల తరబడి గొంతు చించుకుంటున్న టీచర్లు, వీళ్లకి మాత్రం హెడ్ మైకు నిజంగా మేలు చేస్తుంది.

కాలర్ మైకు ఎందుకు చాలదు

"కాలర్ మైకు ఉందిగా, ఇంకా ఇదెందుకు" అని చాలామంది అడుగుతారు. సంగతంతా దూరంలో ఉంది. మైకుకీ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ (సౌండు కొలత) తగ్గుతుంది. కాలర్ మైకు గుండె మీద, నోటికి సుమారు 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. హెడ్ మైకు బుగ్గ మీద 3 సెంటీమీటర్లలో ఉంటుంది. 3 నుంచి 6, 6 నుంచి 12, 12 నుంచి 24, అంటే మూడుసార్లు రెట్టింపు, మొత్తం 18 డెసిబెల్స్ తేడా. ఆ తేడా పూడ్చాలంటే కాలర్ మైకుకి గెయిన్, అంటే మైకు సౌండుని పెద్దది చేసే సర్దుబాటు, అంత పెంచాలి. పెంచితే స్పీకర్ బాక్సుల్లోంచి వచ్చే సౌండు మళ్లీ అదే మైకులో పడి కూత మొదలవుతుంది. పందిళ్లలో కాలర్ మైకు కూయడానికి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం, మైకు చెడిపోయి కాదు.

రెండోది, తల తిప్పడం. కథ చెప్పేవాళ్లు ఎడమకి తిరిగి ఒక పాత్ర మాట, కుడికి తిరిగి ఇంకో పాత్ర మాట చెబుతారు. కాలర్ మైకు ఛాతీ మీదే ఉండిపోతుంది, నోరు పక్కకి వెళుతుంది, మాట సగం గాలిలో కలిసిపోతుంది. హెడ్ మైకు తలతో పాటే తిరుగుతుంది కాబట్టి ఎటు తిరిగినా గొంతు ఒక్క తీరుగా వస్తుంది. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పే టీచర్లకి కూడా ఇందుకే ఇది బాగా పనికొస్తుంది.

ఓమ్నీయా, కార్డియాయిడా

షాపులో మొదట తేల్చుకోవాల్సింది ఇది. అన్ని వైపుల నుంచీ సమానంగా వినే మైకుని ఓమ్నీ అంటారు. ఎదురుగా వచ్చేది బాగా విని, వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తగ్గించేది కార్డియాయిడ్. ఇంతవరకు వినగానే అందరూ కార్డియాయిడే మంచిదనుకుంటారు, చుట్టుపక్కల గోల రాదు కదా అని. అంత సులువు కాదు.

కార్డియాయిడ్ తలని నోటి వైపు సరిగ్గా గురిపెట్టాలి. కొంచెం మెలి తిరిగినా గొంతు పలచబడిపోతుంది. నోటికి మరీ దగ్గరైతే బేస్ పెరిగి గొంతు బొంగురుగా వినిపిస్తుంది, సెంటీమీటరు జరిగితే ఆ బేస్ మారిపోతుంది. ఊపిరి చప్పుడుకీ, గాలికీ ఇది తొందరగా లోబడుతుంది. మన భాషలో ప, బ లతో పాటు ఫ, భ కూడా ఉన్నాయి, పురాణం చెప్పేవాళ్ల నోట సంస్కృత శ్లోకాలు వస్తాయి, "భీముడి భుజబలం" అన్న రెండు మాటలకే ఫట్ ఫట్ మని బాక్సులు అదురుతాయి. ఓమ్నీకి ఈ ఇబ్బందులు చాలా తక్కువ. దగ్గరికి జరిగినా బేస్ పెరగదు, కొంచెం మెలి తిరిగినా గొంతు మారదు, మైకు తల కూడా చాలా చిన్నదిగా ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూసేవాళ్లకి కనిపించదు. చుట్టుపక్కల గోల ఎక్కువ వస్తుందన్న భయం కూడా చాలావరకు అక్కర్లేదు. నోరు 3 సెంటీమీటర్లలో ఉన్నప్పుడు మిగతావన్నీ దాంతో పోలిస్తే ఎంతో దూరంలో ఉన్నట్టే.

మరి కార్డియాయిడ్ ఎప్పుడు? కాళ్ల దగ్గరే మానిటర్ బాక్సులు (పాడేవాళ్లకి వాళ్ల గొంతు వినపడటానికి పెట్టేవి) గట్టిగా మోగుతున్నప్పుడు, వెనకాల డ్రమ్స్, కీబోర్డు ఉన్న బ్యాండుతో పాడేటప్పుడు, చిన్న స్టేజీ మీద మెయిన్ బాక్సులు పాడేవాళ్లకి దాదాపు పక్కనే పెట్టాల్సి వచ్చినప్పుడు. నడుముకి కట్టుకునే చిన్న స్పీకర్లతో క్లాసు చెప్పే టీచర్లకి కూడా కార్డియాయిడే తీసుకోమంటాను, ఎందుకంటే అక్కడ స్పీకరూ మైకూ ఒకే మనిషి ఒంటి మీద ఉన్నాయి. హాల్లో ప్రవచనం, క్లాసు రికార్డింగు, యాంకరింగు, నాటకం, మానిటర్ మెల్లగా పెట్టుకునే హరికథ, వీటన్నిటికీ నా ఓటు ఓమ్నీకే.

బుర్రకథకి ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. ముగ్గురికీ మూడు మైకులు తెరిచి పెడితే, ఒక్క మైకుతో వచ్చే వాల్యూమ్ కన్నా దాదాపు 5 డెసిబెల్స్ ముందే కూత మొదలవుతుంది. పైగా ముగ్గురూ పక్కపక్కనే నిలబడతారు కాబట్టి ఒకరి గొంతు ఇంకొకరి మైకులో ఆలస్యంగా పడి మొత్తం సౌండు డొల్లగా మారుతుంది. అందుకని వంతలకి కార్డియాయిడ్లు, కథకుడికి ఏది నప్పితే అది ఇచ్చి, వంతలు మాట్లాడని చోట వాళ్ల ఫేడర్లు (ఒక్కో మైకు సౌండు పెంచి తగ్గించే మీటలు) దించుతూ ఉండే మనిషి మిక్సర్ దగ్గర ఉండాలి. కథ తెలిసిన మనిషైతే మరీ మంచిది.

ఇంకో మాట, గజ్జెల సౌండు హెడ్ మైకులో వచ్చేస్తుందిలే అనుకోవద్దు. నోటికన్నా కాళ్లు యాభై రెట్లు దూరంలో ఉంటాయి, అంటే దూరం వల్లే 34 డెసిబెల్స్ తగ్గిపోతాయి. హరికథలో గజ్జెల లయ జనానికి వినపడాలి, అది లేకపోతే కథకి ప్రాణం తగ్గుతుంది. దానికి స్టేజీ అంచున నేలకి దగ్గరగా విడిగా ఒక మైకు పెట్టించుకోండి.

పాడేవాళ్లు మార్చుకోవాల్సిన అలవాటు

చేతి మైకుతో పాడి అలవాటైనవాళ్లు పై స్థాయికి వెళ్లగానే మైకుని దూరం జరుపుతారు, కింది స్థాయిలో దగ్గరికి తెచ్చుకుంటారు. పద్య నాటకంలో రాగం తీసేవాళ్లకి ఇది చెయ్యి చేసే పని కూడా కాదు, ఒళ్లే వెనక్కి వంగుతుంది. హెడ్ మైకులో ఆ వెసులుబాటు లేదు. ఎంత వంగినా మైకు బుగ్గ మీదే ఉంటుంది. కాబట్టి గట్టిగా రాగం తీసేవాళ్లు మైకు ఎంచుకునేటప్పుడు అది ఎంత పెద్ద సౌండుని పగిలిపోకుండా తట్టుకుంటుందో తప్పకుండా చూడాలి, స్పెసిఫికేషన్లలో మ్యాక్సిమమ్ ఎస్‌పిఎల్ అని రాస్తారు. డిపిఏ 4066 లాంటివి 144 డెసిబెల్స్ శిఖరం దాకా తట్టుకుంటాయి. కంట్రీమ్యాన్ ఈ6 మైకుని మెల్లగా మాట్లాడేవాళ్లకి వేరుగా, గట్టిగా పాడేవాళ్లకి వేరుగా, వేర్వేరు సెన్సిటివిటీలతో అమ్ముతారు. మాటల కోసం చేసినదాన్ని తెచ్చి తారస్థాయిలో రాగం తీస్తే గొంతు గరగరలాడుతుంది, అప్పుడు మిక్సర్లో ఎంత తగ్గించినా ఆ గరగర పోదు, ఎందుకంటే అది మైకు దగ్గరో ట్రాన్స్‌మిటర్ (నడుముకి కట్టుకునే వైర్‌లెస్ పెట్టె) దగ్గరో అప్పటికే పగిలింది.

ఇందుకే సౌండు చూసేవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. చెయ్యి చేసే పనిని ఇప్పుడు ఫేడరు చెయ్యాలి, లేదా గట్టి సౌండుని దానంతటదే అణిచే కంప్రెసర్ చెయ్యాలి. "ఇక్కడ రాగం పెద్దగా వస్తుంది, ఇక్కడ గుసగుసగా చెబుతాను" అని రెండు నిమిషాలు చెబితే చాలు, వాళ్లు చూసుకుంటారు. ఊపిరి పీల్చే చప్పుడు, గొంతు సవరించుకోవడం, పక్కవాయిద్యం వాళ్లతో అనే మాటలు కూడా జనానికి వినిపిస్తాయని గుర్తుంచుకోండి. మైకు ఆపే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో అది మిక్సర్ దగ్గరే ఉండటం మంచిది, పాడేవాళ్లు నడుం దగ్గర బటన్ వెతుక్కుంటూ ఉండకూడదు.

తలకి కూర్చోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే దీన్ని నెట్‌లో బొమ్మ చూసి తేల్చలేం. ఒక చెవికే తగిలించేవి ఉన్నాయి, రెండు చెవులకీ తగిలి మెడ వెనక నుంచి తీగ వచ్చేవి ఉన్నాయి. ఒక చెవివి కనిపించవు, పెట్టుకోవడం సులువు. నిలబడి మాట్లాడేవాళ్లకి, యాంకర్లకి సరిపోతాయి. అడుగు వేసేవాళ్లకి, తల ఊపేవాళ్లకి, చెమట పట్టేవాళ్లకి రెండు చెవులవే తీసుకోండి, ఇందులో రాజీ వద్దు. వెనక తీగ సైజు మార్చుకునేలా ఉందా, మైకు ఉండే పొడుగు తీగ ముందుకీ వెనక్కీ జరుగుతుందా, వంచిన చోట నిలబడుతుందా లేక మెల్లగా వెనక్కి వచ్చేస్తుందా, ఇవన్నీ చేత్తో పట్టుకుని చూడాలి. పిల్లల తలకి, సన్నటి మొహాలకి కొన్ని రకాలు అసలు నప్పవు.

కళ్లద్దాలు ఉన్నవాళ్లు అవి పెట్టుకునే మైకుల షాపుకి వెళ్లండి. చెవి మీద రెండు కొక్కేలు పడతాయి. మైకు కొక్కెం ముందు, దాని మీద అద్దాల కాడ, ఈ వరసలో పెడితే చాలావరకు సర్దుకుంటుంది, అయినా గంటసేపటికి చెవి వెనక నొప్పి పుడితే ఆ మోడల్ మీది కాదు. గడ్డం పెంచినవాళ్లకి మైకు తల వెంట్రుకలకి రాసుకుని గరగరమంటుంది, తీగని బుగ్గకి కొంచెం ఎడంగా వంచాలి. నాటకాల్లో అతికించిన మీసాలు, గడ్డాలు, నెత్తిన కిరీటం ఉన్నప్పుడు బుగ్గ మీద చోటే ఉండదు. అప్పుడు చిన్న ఓమ్నీ మైకుని కిరీటం అంచు కింద, నుదుటి మీద దాచడం నాటకాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, నోటికి కొంచెం దూరమైనా తలతో పాటే కదులుతుంది కాబట్టి పని జరుగుతుంది.

ఆడవాళ్లకి ఇంకొన్ని ఉన్నాయి, సౌండు పని చేసే మగవాళ్లు వీటిని పట్టించుకోరు. బుట్ట కమ్మలు తీగకి తగిలి ప్రతి అడుగుకీ టిక్కు టిక్కుమంటాయి, ఆ చప్పుడు సూటిగా మైకులోకి వెళుతుంది. కమ్మలు మార్చడం కుదరకపోతే మైకు తీగని చెంపకి టేపుతో అతికించి కమ్మ ఊగే దారి నుంచి తప్పించాలి. మాటీలు పెట్టుకుంటే చెవి మీద కొక్కేనికి చోటుందో లేదో ముందే చూసుకోవాలి. కూచిపూడిలో వాచికం (నోటితో చెప్పే మాటలు) ఉన్న పాత్రలకి జడ ఒక వరం, కేబుల్ని మెడ వెనక నుంచి జడ కిందుగా దింపితే ఎవరికీ కనిపించదు. ట్రాన్స్‌మిటర్ బరువు చీర కుచ్చిళ్లకి తగిలిస్తే జారిపోతుంది. లోపల వెడల్పాటి ఎలాస్టిక్ బెల్టు కట్టి, దాని సంచిలో పెట్టాలి. పంచె కట్టేవాళ్లకీ ఇదే మాట. బుర్రకథ వాళ్లకి తలపాగా ఉంటుంది కాబట్టి వెనక తీగ, కేబుల్ మొదలు దానిలో దాగిపోతాయి, పైగా కదలవు.

రంగు గురించి కూడా ఒక మాట. షాపుల్లో ఎక్కువగా కనిపించే లేత గోధుమ రంగు మన మొహాల మీద తెల్లటి గీతలా కనిపిస్తుంది. మంచి కంపెనీలు ముదురు గోధుమ, నలుపు రంగుల్లో కూడా చేస్తాయి. అడిగి తెప్పించుకోండి.

పిన్ను, కరెంటు, వైర్‌లెస్

హెడ్ మైకు ఒక్కటే కొంటే సరిపోదు, అది మీ ట్రాన్స్‌మిటర్‌కి తగలాలి. ష్యూర్ వాటికి నాలుగు పిన్నుల మినీ ఎక్స్‌ఎల్‌ఆర్, ఏకేజీ వాటికి మూడు పిన్నులది, సెన్‌హైజర్ ఎవల్యూషన్ వాటికి మర తిప్పి బిగించే 3.5 మిల్లీమీటర్ల జాక్. పిన్ను దూరినంత మాత్రాన పని చేస్తుందని నమ్మకం లేదు, లోపల వైరింగు కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి మీ ట్రాన్స్‌మిటర్ని జేబులో వేసుకుని వెళ్లి, దానికే తగిలించి, విని కొనండి. డిపిఏ వాళ్ల మైక్రోడాట్ లాంటి పద్ధతిలో అడాప్టరు మారిస్తే అదే మైకు చాలా కంపెనీల ట్రాన్స్‌మిటర్లకి తగులుతుంది, ఊరూరా వేరే వాళ్ల సౌండు సిస్టమ్ మీద ప్రోగ్రాంలు చేసేవాళ్లకి ఇది పెద్ద సుఖం.

వైరుతో నేరుగా మిక్సర్‌కి పెట్టుకోవాలన్నా అడాప్టరు కావాలి. ఈ చిన్న మైకులకి కావాల్సింది కొద్ది వోల్టులే, మిక్సర్ ఇచ్చే ఫాంటమ్ పవర్ 48 వోల్టులు. మధ్యలో దాన్ని తగ్గించే అడాప్టరు పెట్టాలి, ష్యూర్‌కి ఆర్‌పీఎం626, డిపిఏకి డీఏడీ6001, సెన్‌హైజర్‌కి ఎంజడ్‌ఏ 900పీ ఆ పనే చేస్తాయి. నాటు అతుకులు వేసి నేరుగా కలిపేస్తే మైకు కాలిపోవచ్చు. కరెంటే అక్కర్లేని డైనమిక్ హెడ్ మైకులు కూడా ఉన్నాయి, ష్యూర్ డబ్ల్యూహెచ్20 అలాంటిది. మైకు తల కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది, సున్నితం తక్కువ, కానీ మొరటు వాడకానికి నిలుస్తుంది.

వైర్‌లెస్ గురించి పొడుగ్గా రాయను. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు చవక, లైసెన్సు గొడవ లేదు, కానీ వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే ఉంటాయి. రిహార్సల్‌లో ఖాళీ హాల్లో బాగా పనిచేసి, వందల ఫోన్లతో జనం వచ్చి కూర్చున్నాక తెగిపోవడం మొదలవుతుంది. క్లాసు రూముకి చాలు, పందిరికి యూహెచ్‌ఎఫ్ (వందల మెగాహెర్ట్జ్‌ల బ్యాండు) సెట్టు తీసుకోండి. యూహెచ్‌ఎఫ్‌లో కూడా పాత 700 మెగాహెర్ట్జ్ సెట్ల జోలికి వెళ్లొద్దు. 2022 వేలంలో జియో ఆ బ్యాండు కొన్నది, ఇప్పుడు అక్కడ 5జీ నడుస్తోంది. మన దగ్గర 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదు, ఆ రేంజి సెట్లు దొరికితే చూడండి. అమెరికాలో తెలుగు సంఘాల ప్రోగ్రాంలకి సౌండు చూసేవాళ్లు కూడా బీరువాల్లో ఉన్న పాత సెట్లు ఒకసారి తీసి చూసుకోవాలి. అక్కడ 700 మెగాహెర్ట్జ్‌లో 2010 జూన్ నుంచి, 600 మెగాహెర్ట్జ్‌లో మొబైల్ కంపెనీలకి ఇచ్చిన భాగంలో 2020 జూలై నుంచి వైర్‌లెస్ మైకులు వాడకూడదు.

ఎంత పెట్టాలి

కొన్ని వందల రూపాయల నుంచి అరలక్ష పైదాకా ఉన్నాయి. టీచరు రోజూ క్లాసులో వాడుకోవడానికి ఖరీదైనది అక్కర్లేదు, గాలి చప్పుడు ఆపే ఫోమ్ తొడుగు ఉన్న మామూలు కార్డియాయిడ్ చాలు, ఒకటి అదనంగా కొని పెట్టుకుంటే ఇంకా మంచిది. కథలు, ప్రవచనాలు వృత్తిగా ఉన్నవాళ్లు మాత్రం మధ్యరకం దగ్గర మొదలుపెట్టాలి. ష్యూర్ పీజీఏ31, ఎస్‌ఎం35, ఏకేజీ సీ520, ఇవి కార్డియాయిడ్లు, గట్టివి, స్టేజీ వాడకానికి నిలుస్తాయి. ఓమ్నీలో సెన్‌హైజర్ హెచ్‌ఎస్‌పీ 2, కంట్రీమ్యాన్ ఈ6, ఆపైన డిపిఏ 4066 లాంటివి. గొంతు ఉన్నది ఉన్నట్టు రావాలంటే ఈ ఆఖరి వరస తేడా వినగానే తెలుస్తుంది, కానీ చవక ట్రాన్స్‌మిటర్‌కి దీన్ని తగిలిస్తే ఆ డబ్బు వృథా. మధ్యరకం సెట్టు, మధ్యరకం మైకు, ఈ జోడీ చాలామందికి సరైనది.

పేరున్న కంపెనీల నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి. నమ్మలేనంత తక్కువ రేటుకి పెద్ద పేరు దొరికితే అది ఆ పేరు కాదు. బిల్లు, వారంటీ ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే తీసుకోండి. కొనేముందు కేబుల్ విడిగా ఊడి వస్తుందా అని అడగండి. ఈ మైకుల్లో ముందు చెడేది మైకు తల కాదు, కేబులే, పిన్ను దగ్గరో చెవి దగ్గరో లోపల తీగ తెగుతుంది. కేబుల్ మార్చుకునే వీలున్న మోడలైతే మొత్తం పారేయక్కర్లేదు.

షాపులో ఏం చెయ్యాలి

పెట్టుకుని "హలో, మైక్ టెస్టింగ్" అంటే ఏమీ తెలియదు. మీరు స్టేజీ మీద చెప్పేదే చెప్పండి, అదే గట్టితనంతో. షాపువాళ్లు చూస్తున్నారని మెల్లగా పాడొద్దు. ప, ఫ, బ, భ లు గుప్పించే ఒక వాక్యం, స, శ, ష, చ లు ఉన్న ఇంకో వాక్యం తయారుగా పెట్టుకోండి. "పెద్దాపురం పక్క పల్లెలో పిడుగు పడి పాక పాడైపోయింది", "శనివారం సాయంత్రం సంతలో చింతచిగురు చవక" ఇలా ఏదైనా సరే. మొదటిదానికి దబ్‌దబ్ మనకూడదు, రెండోదానికి చెవిలో ఈల వేసినట్టు ఉండకూడదు. ఆ తర్వాత తల అటూ ఇటూ గట్టిగా తిప్పండి, నాలుగు అడుగులు వేయండి, నోరు పూర్తిగా తెరిచి రాగం తీయండి. దవడ కదిలినప్పుడు మైకు జరిగితే చెవి దగ్గర సర్దుబాటు సరిగ్గా లేదన్నమాట. అవతల మీ మనిషి హెడ్‌ఫోన్‌లో వింటూ ఫోన్లో రికార్డు చేస్తే, ఇంటికి వెళ్లి రెండు మోడళ్లనీ తీరిగ్గా పోల్చుకోవచ్చు. పావుగంట పెట్టుకునే ఉండండి, నొప్పి అప్పుడే తెలుస్తుంది.

పెట్టుకునే పద్ధతి, చెమట

మైకు తల పెదవుల మూలకి వేలు వెడల్పు వెనక, బుగ్గకి ఆనీ ఆనకుండా ఉండాలి. నోటి ముందుకి తేవొద్దు, ఊపిరి దారిలో పెడితే ఏ మైకైనా ఫట్ ఫట్ మంటుంది. కార్డియాయిడ్ అయితే దాని మీద ఉండే గుర్తు నోటి వైపు తిరగాలి. మానిటర్ బాక్సు, మృదంగం ఎటువైపు ఉన్నాయో చూసి రెండో బుగ్గ మీద పెట్టుకోండి. ఫ్యాన్లు కూడా చూడండి, పెడస్టల్ ఫ్యాను సూటిగా మొహానికి తగులుతుంటే హోరు తప్పదు, దాన్ని పక్కకి జరిపించి ఫోమ్ తొడగండి. మెడ వెనక కేబుల్ని చర్మానికి మెడికల్ షాపులో దొరికే ప్లాస్టరు టేపుతో అతికించి, తల పూర్తిగా తిప్పడానికి సరిపడా వదులు ఉంచండి, లేకపోతే తల తిప్పిన ప్రతిసారీ కేబుల్ మైకుని లాగేస్తుంది.

శ్రీరామనవమి పందిళ్లు ఎండాకాలంలో, హరికథ గంటల తరబడి. చెమట తీగ వెంబడి జారి మైకు తల దగ్గరికి చేరి దాని రంధ్రాన్ని మూసేస్తుంది, గొంతు ఒక్కసారిగా దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. అందుకని మైకు తలకి కొంచెం వెనక తీగ చుట్టూ చిన్న దారం నాలుగు చుట్లు చుట్టండి, చెమట అక్కడ ఆగి కింద పడుతుంది. మెడ దగ్గర కేబుల్‌కి కిందికి వేలాడే చిన్న మలుపు ఇస్తే చెమట ట్రాన్స్‌మిటర్ దాకా వెళ్లదు. ట్రాన్స్‌మిటర్‌ని పలచటి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఐపీ57 (దుమ్మునీ నీటినీ తట్టుకునే రేటింగు) అని రాసి ఉన్న మైకులు నీటిని బాగా తట్టుకుంటాయి, చెమట ఎక్కువ పట్టేవాళ్లు అవి వెతకడం మేలు. మేకప్పూ పౌడరూ అయిపోయాకే మైకు పెట్టాలి, ముందు పెడితే ఆ పొడి రంధ్రంలోకి వెళుతుంది.

సౌండు సరిచేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్ గెయిన్ చూడండి. మీ కథలో అన్నిటికన్నా గట్టి చోటు పాడి, అక్కడ కూడా ఎర్ర లైటు వెలగకుండా పెట్టాలి, ఆ తర్వాతే మిక్సర్. మిక్సర్లో 100 హెర్ట్జ్ కన్నా కింది సౌండుని కోసెయ్యండి, అడుగుల చప్పుడు, ఊపిరి హోరు పోతాయి. మైకు బుగ్గ పక్కన ఉంటుంది కాబట్టి పై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గి వినిపిస్తాయి, ట్రెబుల్ కాస్త పెంచితే మాట తేటపడుతుంది. కొన్ని ఓమ్నీ మైకులకి ఈ పని చేసే చిన్న టోపీలు డబ్బాలోనే వస్తాయి, చాలామంది అవి ఎందుకో తెలియక పారేస్తారు, దాచుకోండి.

ప్రోగ్రాం అయ్యాక మైకుని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కేబుల్ వదులుగా చుట్టి గట్టి డబ్బాలో పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ చుట్టూ బిగించి చుట్టే అలవాటు కేబుల్ ప్రాణం తీస్తుంది. మైకు తల మీద స్పిరిట్ పోయకూడదు. ఫోమ్ మనిషికొకటి వాడండి, ఇంకొకరి నోటి దగ్గర ఉన్నది మార్చకుండా పెట్టుకోవద్దు, అది కొద్ది రూపాయల వస్తువే. ప్రతి ప్రోగ్రాంకీ కొత్త పెన్సిల్ సెల్లు వేయండి, సగం వాడినవి క్లాసుకి పనికొస్తాయి. ఎంత మంచి మైకున్నా స్టేజీ పక్కన ఒక చేతి మైకు, స్టాండుతో సహా, ఛానల్ తెరవడానికి సిద్ధంగా ఉంచమని సౌండు వాళ్లకి ముందే చెప్పండి. అది ఎక్కడ ఉందో కథ చెప్పేవాళ్లకీ తెలియాలి, హెడ్ మైకు ఆగిపోతే చిడతలు పక్కన పెట్టి రెండు అడుగుల్లో దాన్ని అందుకునేలా ఉండాలి.